అప్‌డేట్: ట్యాంకర్ డ్రైవర్ ట్రైనింగ్ సర్టిఫికెట్ తిరస్కరించారు (సమస్య తీరింది)

రెండు నెలల క్రితం అడిగాను: పెట్రోల్ ట్యాంకర్ నడపడానికి లైసెన్స్‌లో ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్ (అలాంటి సరుకు బండి నడపొచ్చని లైసెన్స్‌పై రాసిచ్చే అనుమతి) కావాలి, మూడు రోజుల కోర్సు చేశాను, అయినా రవాణా ఆఫీసులో సర్టిఫికెట్ చెల్లదన్నారు, ఏం చేయాలని. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

"ముందు ఆ సంస్థ గుర్తింపు కాగితం చూడండి" అన్న సలహాయే పనిచేసింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఓపిగ్గా చూసి చెప్పారు. ఆ సంస్థకు ఫారం 11 ఉంది, గడువు కూడా ఉంది. కానీ అది డ్రైవింగ్ స్కూల్ నడపడానికి ఇచ్చే లైసెన్స్ మాత్రమే. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 9వ నిబంధన కింద ఈ కోర్సు చెప్పాలంటే రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు విడిగా ఉండాలి. అది వాళ్ల దగ్గర లేదు. గోడకు ఫారం 11 ఫ్రేము కట్టి ఉంటే అన్నిటికీ అదే సరిపోతుందనుకున్నాను. ఇది డ్రైవర్లకు ముందే ఎవరైనా చెప్పాలి, మూడు రోజుల కూలి పోయింది.

గుర్తింపు ఉత్తర్వు కాపీ చూశాకే వేరే సంస్థలో మళ్లీ కోర్సు చేశాను. ఈసారి ఎండార్స్‌మెంట్ వచ్చింది.

ఆధార్‌లో ఇంటిపేరు తేడా, పదో తరగతి మార్కుల లిస్టు గురించి చాలా టెన్షన్ పడ్డాను. వాటికీ దీనికీ సంబంధమే లేదు. ఇంకోటి, డ్రైవింగ్ టెస్టు మినహాయింపు ఇచ్చే ఫారం 5బి సర్టిఫికెట్, 2021 జులై నుంచి వచ్చిన అక్రెడిటెడ్ (ప్రభుత్వ గుర్తింపు ఉన్న) డ్రైవర్ ట్రైనింగ్ కేంద్రాలది. ఈ ఎండార్స్‌మెంట్ సంగతి వేరు.