గ్యారేజీ నిండా సామాను, కారు మాత్రం బయట: సర్దడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

మా గ్యారేజీ ఒక కారుకు సరిపోయేలా కట్టినది. అయినా కొన్నేళ్లుగా కారు ఎండకూ వానకూ బయటే ఉంటోంది. లోపల పాత సైకిళ్లు, సగం వాడిన రంగు డబ్బాలు, ఇంతవరకూ విప్పని అట్టపెట్టెలు, పనిముట్లు, విడి టైర్లు, దేనికి దాచామో ఎవరికీ గుర్తులేని తీగల చుట్టలు పేరుకుపోయాయి. సెలవు రోజు చూసుకుని మొత్తం బయటకు తీసి ఒక్కపూటలో సర్దేద్దామని ఇంట్లో అంటున్నారు. అందుకు ముందుగానే మూతలున్న ప్లాస్టిక్ పెట్టెలు, ఇనుప రాకులు కొనిపెట్టుకోవడం మంచిదేనా? ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉంటే తెలియజేయగలరు. నేలలో కొద్దిగా చెమ్మ ఉన్నట్టు కూడా అనుమానం.

మొదటి సమాధానం

పెట్టెలూ రాకులూ ఇప్పుడే కొనవద్దు. ఎంత సామాను మిగులుతుందో తేలకముందే కొన్న పెట్టెలు, పారేయవలసిన వాటికి కూడా చోటు కల్పిస్తాయి; పైగా వాటి కొలతలు గోడకు సరిపోకపోతే అవే కొత్త సామానై కూర్చుంటాయి.

ముందుగా కొలవవలసినది కారును. దాన్ని బయటే నిలిపి, డ్రైవరు వైపు తలుపును మీరు ఇబ్బంది లేకుండా దిగగలిగినంత మేరకు తెరిచి, డిక్కీ తలుపును పూర్తిగా పైకెత్తి, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రాసుకోండి. గ్యారేజీ లోపలి కొలతల్లోంచి వాటిని తీసివేయగా మిగిలినదే మీ సామానుకు ఉన్న అసలు చోటు. ఉదాహరణకు లోపలి వెడల్పు 3 మీటర్లు, కారు వెడల్పు అద్దాలతో కలిపి 1.9 మీటర్లు, దిగడానికి 60 నుంచి 70 సెంటీమీటర్లు కావాలనుకుంటే, రెండో గోడ వైపు మిగిలేది 40 నుంచి 50 సెంటీమీటర్లే. అంటే అటువైపు 30 సెంటీమీటర్ల లోతున్న అరలకు మించి పట్టవు, అదీ పక్క సీట్లో కూర్చున్నవారు గ్యారేజీ బయటే దిగిపోయే అలవాటు ఉంటేనే. ఈ లెక్క కాగితం మీద కనబడిన తరువాత, ఏది ఉంచాలన్న విషయంలో ఇంట్లో జరిగే వాదనలు సగం తగ్గుతాయి, ఎందుకంటే అప్పుడు కాదంటున్నది మనుషులు కాదు, గోడ.

మొత్తం ఒకేసారి బయట పెట్టే ఆలోచనను నేను సమర్థించను. పొద్దు వాలేసరికి అలసట వచ్చి, బయట పడి ఉన్నదంతా చేతికందినట్టు తిరిగి లోపలికి చేరుతుంది. ఒక గోడ, దాని ముందున్న నేల, అంతవరకే తీసుకుని పూర్తి చేయండి.

ఏరేటప్పుడు ఒక్కొక్క వస్తువునూ చేతిలో పట్టుకుని నిర్ణయించడానికి కూర్చోవద్దు. ముందు ఒకే జాతి వస్తువులన్నిటినీ ఒకచోటికి చేర్చండి. విడివిడిగా చూస్తే ప్రతి పానా, ప్రతి స్క్రూడ్రైవరూ అవసరమైనదే అనిపిస్తుంది. ఇంట్లో ఉన్నవన్నీ వరుసగా పేర్చినప్పుడు ఒకే సైజువి మూడు నాలుగు బయటపడతాయి, వాటిలో మొన అరిగిపోయినవి ఏవో కూడా అప్పుడే తెలుస్తుంది. "ఎప్పటికైనా పనికొస్తుంది" అన్న మాట దాదాపు ప్రతి వస్తువుకూ వర్తిస్తుంది కనుక, పనికొచ్చిన రోజున ఇది ఇక్కడ ఉన్నట్టు గుర్తొస్తుందా, పది వస్తువులు జరపకుండా తీయగలమా అని అడగండి. తేలనివాటిని ఒక పెట్టెలో వేసి పైన తేదీ రాయండి. ఏడాది తరువాత కూడా ఆ పెట్టె తెరవవలసిన అవసరం రాకపోతే ఇచ్చేయవచ్చు. స్క్రూలు, మేకులు, నట్లు మాత్రం సైజులవారీగా వేరు చేస్తూ కూర్చోకండి. చెక్కకు వాడేవి, ఇనుముకు వాడేవి, గోడకు వాడేవి అని మూడు డబ్బాలు చాలు.

రెండో సమాధానం

పై సమాధానంలో కారు కొలతల గురించి చెప్పినది సరైనదే. అయితే చెమ్మ ఉన్నచోట ఒక్కసారైనా నేల మొత్తం ఖాళీ కావడం అవసరమని నా అభిప్రాయం, ఎందుకంటే చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా ఎంత సర్దినా మళ్లీ తుప్పూ బూజూ తప్పవు. ఆరిన నేల మీద, సుమారు 45 సెంటీమీటర్ల చదరపు మందపాటి పాలిథిన్ ముక్కను పరిచి, నాలుగు అంచులకూ గాలి దూరకుండా టేపు అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. తీసి చూసినప్పుడు ముక్క అడుగున నీటి బొట్లు కనిపించినా, కాంక్రీటు రంగు ముదిరినా తడి నేలలోంచే పైకి వస్తోందని అర్థం. అడుగు పొడిగా ఉండి పైభాగం చెమర్చితే అది గాలిలోని తేమ. దానికి గాలి ఆడే ఏర్పాటు చాలు.

సర్దడం మొదలుపెట్టేముందు మండేవీ విషపూరితమైనవీ ఏరి పక్కన పెట్టడం అన్నిటికన్నా ముఖ్యం. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా మండగల ఆవిరిని విడుస్తుంది, ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కావడంతో నేలబారున పాకి, దూరంగా ఉన్న నీళ్ల హీటరు మంటనో, ఫ్రిజ్ స్విచ్చి రవ్వనో చేరుకోగలదు. కనుక గడ్డి కోసే యంత్రం కోసమని సీసాల్లో దాచిన పెట్రోలు అక్కడ ఉండకూడదు. ఉంచక తప్పకపోతే అందుకే తయారైన, బిగుతైన మూతగల డబ్బాలో, మంటకూ స్విచ్చులకూ దూరంగా ఉంచాలి. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు ఎలాగూ చెడిపోయి కార్బ్యురేటరులో జిగురు కట్టిస్తుంది.

చాలామందికి తెలియనిది మసిగుడ్డల సంగతి. చెక్క సామానుకు అవిసె నూనె పట్టించిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేస్తే, నూనె గాలితో కలిసి ఆరే క్రమంలో పుట్టిన వేడి బయటకు పోలేక, అగ్గిపుల్ల ప్రమేయం లేకుండానే అంటుకోవచ్చు. అలాంటి గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరిచి పూర్తిగా ఎండనిచ్చాకే పారేయాలి. బ్లీచింగు ద్రవాన్నీ ఆమ్లాన్నీ ఒకే అరలో పెట్టకండి, కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఈతకొలనుకు వాడే క్లోరిన్ పొడి ఉంటే, దాన్ని బ్రేక్ ఆయిలుకు ఎంత దూరంలో ఉంచితే అంత మంచిది. ఒకదానిపై ఒకటి ఒలికితే కాసేపటికి దానంతటదే మంట లేస్తుంది.

నీటితో కలిపే రంగు కొద్దిగా మిగిలి ఉంటే అందులో ఇసుకో రంపపు పొట్టో కలిపి, మూత తీసి గట్టిపడనిచ్చి చెత్తలో వేయవచ్చు. టిన్నరు, ఆయిల్ పెయింటు, వాడేసిన ఇంజిన్ ఆయిలు మాత్రం కాలువలో పోయకుండా, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేచోట అప్పగించాలి.

ప్రశ్న వేసినవారి నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాలిథిన్ పరీక్ష చేశాము, అడుగునే బొట్లు పట్టాయి. అలాంటప్పుడు అట్టపెట్టెలను చెక్క పలకల మీద పెడితే సరిపోతుందా? అరగని టైర్లు నాలుగు ఉన్నాయి, వాటిని ఉంచుకోవచ్చా? పాత కారు బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే చార్జి దిగిపోతుందని అంటారు, నిజమేనా?

రెండో సమాధానమిచ్చినవారి నుంచి

అట్టపెట్టెలను పలకల మీద పెట్టినా అట్ట గాలిలోని తేమను పీల్చుకుంటుంది, చెదలకూ, కాగితం తినే వెండిచేప పురుగులకూ అది ఆహారం. వాటిలోని వస్తువులను మూతలున్న, లోపలిది పైకి కనిపించే ప్లాస్టిక్ పెట్టెల్లోకి మార్చండి. ఇప్పుడు ఎన్ని కావాలో తెలుసు కనుక కొనవచ్చు. కాగితాలు, బట్టలు, ఫొటోలు మాత్రం ఏ పెట్టెలో పెట్టినా గ్యారేజీలో ఉంచదగినవి కావు. రాకుల్లో మొదటి అర నేలనుంచి కనీసం ఒక జానెడు ఎత్తున ఉండేలా చూసుకుని, గోడకూ రాకుకూ మధ్య చెద మట్టి దారులు కనిపించేటంత సందు వదలండి. బరువైనవి కింది అరలో పెట్టి, రాకు పైభాగాన్ని తప్పనిసరిగా గోడకు బిగించండి. పిల్లలు ఎక్కినా, ఒక పెట్టెను బలంగా లాగినా ఇనుప రాకు ముందుకు ఒరిగే ప్రమాదం ఉంది.

టైరు పక్కగోడ మీద డీఓటీ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతాన్ని వెతకండి. ఆ అక్షరాలు రెండు వైపులా ఉన్నా పూర్తి సంకేతం కొన్నిసార్లు ఒక వైపే ఉంటుంది, కనుక టైరును తిప్పి చూడండి. దాని చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 3518 అని ఉంటే 2018వ సంవత్సరం 35వ వారం అన్నమాట. పదేళ్లు దాటినవాటిని గాళ్లు అరగకపోయినా వాడవద్దు. ఉంచదలచినవాటిని రిమ్ములు లేకపోతే నిలబెట్టి, రిమ్ములు ఉంటే ఒకదానిపై ఒకటి పడుకోబెట్టి, ఎండ తగలని చోట పెట్టండి.

బ్యాటరీ గురించి అనేది, దాని బయటి పెట్టెను చెక్కతోనూ గట్టి రబ్బరుతోనూ చేసిన కాలం నాటి మాట. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెల్లోని బ్యాటరీ సిమెంటు మీద ఉన్నా బల్ల మీద ఉన్నా ఒకేలా, తనంతట తానే మెల్లగా దిగిపోతుంది. అయినా మీ నేల చెమ్మగా ఉంది కనుక టెర్మినళ్లు చిలుము పట్టకుండా అర మీదే పెట్టండి. చార్జింగు పెట్టినప్పుడు అది హైడ్రోజన్ విడుస్తుంది కాబట్టి గ్యారేజీ తలుపు తెరిచి ఉంచి, ముందు చార్జరు స్విచ్చి ఆపేసి ఆ తరువాతే క్లిప్పులు తీయండి. ఎంత చార్జి చేసినా నిలవకపోతే, బ్యాటరీలు అమ్మేవారే పాతవాటిని తిరిగి తీసుకుంటారు, సీసం కోసం.