బొగ్గుల మీద చందువా, పక్కన ఏ వైన్ పెట్టమంటారు?
ఆదివారం ఫ్రెండ్స్ వస్తున్నారండీ, చందువాల్ని ముక్కలు కొట్టించకుండా చేపకు చేపగా బొగ్గుల మీద కాల్చాలని ప్లాన్. అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, మిరియాలు, కాస్త నూనె ముందే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేస్తా, కానీ నిమ్మరసం ఎక్కువసేపు నానితే పైకండ తెల్లబడి, తిప్పేటప్పుడు పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి అది మాత్రం చివరి అరగంటలో వేద్దామనుకుంటున్నా, సరేనా? గాట్లు ముల్లు తగిలేదాకా పెట్టాలా? తోలు జాలీకి అంటుకోకుండా ఏం చేస్తారు? అరిటాకు వేయమంటారేమో, అప్పుడు అంచుల్లో నల్లగా మాడిన కారం రాదు, నాకు అదే ఇష్టం.

అసలు టెన్షన్ వైన్ దగ్గరే. రెడ్ వద్దు, చేపతో తాగితే నోట్లో ఇనుము నాకినట్టుంటుంది. నాసిక్ వైపు చేసే వైట్ వైన్ సావిన్యాన్ బ్లాంక్‌లో పులుపు ఉంటుంది, నిమ్మకాయకి కుదురుతుంది, కాకపోతే మన కారానికి ఆల్కహాల్ తోడైతే మంట ఇంకా పెరుగుతుంది కదా, అందుకని కాస్త తీపి తగిలే ఇంకో వైట్ వైన్ షెనిన్ బ్లాంక్ తెస్తే మేలా, లేక కారమే తగ్గించనా? ఇలా కలిపి తిన్నవాళ్లు చెప్పండి. బీరు తెచ్చుకో అని మాత్రం అనకండి, ఆ సలహా మా బావ ఇచ్చేశాడు.