టోన్, మూడ్, సిమిలీ... ఏడో తరగతి పాపకి ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?

పాప అమ్మ:
మా పాప ఏడో తరగతి అండి. ఇంగ్లీషులో లిటరరీ టెర్మ్స్ అని ఇరవై దాకా ఇచ్చారు, సిమిలీ, మెటఫర్, టోన్, మూడ్, థీమ్ అలా. డెఫినిషన్లు గడగడా అప్పజెప్పేస్తుంది కానీ కొత్త పేరా ఇచ్చి ఇందులో సిమిలీ ఏదో చూపించమ్మా అంటే బిక్కమొహం వేస్తుంది. నిన్న "ఐ లైక్ డాగ్స్" లో లైక్ ఉంది కదా అని సిమిలీ అనేసింది. టోన్‌కీ మూడ్‌కీ తేడా నాకే తెలీట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

తెలుగు పంతులమ్మ:
సిమిలీ అంటే మన ఉపమాలంకారమేనండి, తెలుగులో చదివే ఉంటుంది, రెండూ ఒకటేనని ఎవరూ చెప్పకపోవడం వల్లే ఈ తిప్పలు. "ఆమె గొంతు గంటలా మోగింది" తీసుకోండి. గొంతు ఉపమేయం, గంట ఉపమానం, మోగడం సమానధర్మం, "లా" ఉపమావాచకం. ఇంగ్లీషులో లైక్, యాజ్ చేసేది ఆ "లా" పనే. అందుకని లైక్ కోసం వెతకొద్దు, దేన్ని దేంతో పోల్చారో అడగమనండి. కుక్కలంటే ఇష్టం అన్నదాంట్లో అసలు పోలికే లేదు కదా. "తను అచ్చం వాళ్ళమ్మలా ఉంది" కూడా సిమిలీ కాదు, నిజంగానే ఉన్న పోలికని ఉన్నట్టు చెప్పడం మామూలు మాటే. ఇక "లా" తీసేసి "ఆమె గొంతు ఒక గంట" అంటే మెటఫర్, మన రూపకం. హైపర్బోలీ అతిశయోక్తి (హైపర్‌బోల్ అని పలకనివ్వకండి, చివర "లీ" ఉంటుంది).

కథల పిచ్చి:
టోన్ రాసినవాడిది, మూడ్ చదివేవాళ్ళది. "పిల్లాడు ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. కింద చీకట్లో పాము చుట్ట కదిలింది." ఇది పాపకి చదివి వినిపించండి. రాసినవాడు ఎక్కడా కంగారు పడలేదు, తాపీగా చెప్పాడు, అది టోన్. మనకి మాత్రం గుండె దడదడలాడుతుంది, అది మూడ్. పాము సంగతి మనకి తెలుసు, పిల్లాడికి తెలీదు, దాన్నే డ్రమాటిక్ ఐరనీ అంటారు. థీమ్ అడిగితే "స్నేహం" అని ఒక్క మాట రాస్తారు పిల్లలు, అది టాపిక్ అంతే. స్నేహం గురించి ఆ కథ ఏం చెబుతోందో పూర్తి వాక్యంలో రాస్తేనే థీమ్.

శబ్దాల మనిషి:
అలిటరేషన్ (పక్కపక్క మాటలు ఒకే శబ్దంతో మొదలవడం) దగ్గర ఒక్క జాగ్రత్త, చూడాల్సింది స్పెల్లింగ్ కాదు, శబ్దం. ఫోన్, ఫిష్ మొదటి అక్షరాలు వేరు కానీ శబ్దం ఒకటే, కాబట్టి కుదురుతుంది. సిటీ, క్యాట్ రెండూ ఇంగ్లీషు "c" అక్షరంతోనే మొదలైనా కుదరదు. అలాగే ఆనమటపీయా (చప్పుడుని అనుకరించే మాట) అంటే జంటమాటలన్నీ కాదండి, గలగల, చిటపట అవుతాయి, మిలమిల అవదు, వెలుగుకి చప్పుడెక్కడిది?

పాప అమ్మ:
అందరికీ థాంక్స్ అండి, పాము వాక్యం వినగానే పాప నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది, "ఇదేనా మూడ్" అని తనే అడిగింది! ఒక్క డౌట్, "నది పాట పాడింది" అంటే పర్సానిఫికేషనా, మెటఫరా?

తెలుగు పంతులమ్మ:
పర్సానిఫికేషన్ కూడా మెటఫర్‌లో ఒక రకమే కాబట్టి రెండూ తప్పు కాదు. కానీ మనిషి చేసే పనిని నదికి అంటగట్టారు కదా, పరీక్షలో పర్సానిఫికేషన్ అనే రాయమనండి. పక్కనే "పాడటం మనుషుల పని" అని కారణం కూడా రాయమనండి.