క్రాక్ అన్న ప్రతిదానికీ 'పగులు' అని రాయొద్దు

వంతెనల తనిఖీ పత్రం ఒకటి తెలుగు చేస్తున్నాను అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు కదా, 'క్రాక్'కి పగులు, 'క్రిటికల్ ఫైండింగ్'కి కీలక అంశం అని పెడితే సరిపోతుందా అని. నాకైతే రెండూ సరిపోవు.

ముందు పగులు సంగతి. మన భాషలో గోడ బీటవారుతుంది, నేల నెర్రెలిస్తుంది, స్లాబు పెచ్చులూడుతుంది, దూలం విరుగుతుంది, తాడు తెగుతుంది. ఏది ఎలా పాడైందో క్రియే చెబుతుంది. 2021 మే 11న అమెరికాలో మెంఫిస్ దగ్గర మిసిసిపీ నది మీది ఐ-40 వంతెనలో బయటపడింది చూడండి. అది ఆర్చి వంతెన, విల్లుకి నారి ఎలాగో ఆ ఆర్చికి కింది ఉక్కు దూలం అలాగ, రెండు కొసల్నీ లాగి పట్టుకుంటుంది. ఆ దూలం చాలా మేర తెగిపోయి ఉంది. చూసిన ఇన్‌స్పెక్టర్ రిపోర్టు రాస్తూ కూర్చోలేదు, వెంటనే 911కి, అంటే అక్కడి ఎమర్జెన్సీ నంబరుకి, ఫోన్ చేసి వంతెన మీది జనాన్ని పంపించేయమన్నాడు. పైన లారీలూ కింద పడవలూ ఆగిపోయాయి, వంతెన పూర్తిగా తెరుచుకునేసరికి ఆగస్టు వచ్చింది. బాధేమిటంటే అదే దెబ్బ 2019లో తీసిన డ్రోన్ వీడియోలోనూ ఉంది, అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. అలాంటిదాన్ని 'వంతెనకు పగుళ్లు' అని రాస్తే సిమెంటు పూస్తే పోతుందిలే అనుకుంటాం.

ఇక రెండోది. 'కీలక అంశం' అంటే మీటింగులో చర్చించే విషయంలా ఉంది. అమెరికా నిబంధనల్లో 'క్రిటికల్ ఫైండింగ్' అన్న మాటకి అర్థం, జనం ప్రాణాల కోసం అప్పటికప్పుడు ఏదో ఒకటి చేసి తీరాల్సిన లోపం అని. ముఖ్యమైన హైవేల మీద దానివల్ల వంతెన మూయాల్సి వస్తే 24 గంటల్లో అక్కడి కేంద్ర హైవే సంస్థకి చెప్పాలని 2022లో రూలు కూడా పెట్టారు.

మనకి దీనికి సాటి మాట చెరువు కట్ట దగ్గర ఉంది, బుంగ. చిన్నప్పుడు వానాకాలం రాత్రి మా తాత టార్చిలైటు పట్టుకుని కట్ట వెనక వైపు దిగి, కారుతున్న నీళ్లని దోసిట్లో పట్టి చూసేవాడు. తేటగా ఉంటే ఊట, రేపు చూద్దాం అనేవాడు. బురదగా ఉంటే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు, అది బుంగ, ఇంక ఊరంతా ఇసుక బస్తాలతో పరిగెత్తాల్సిందే. గండి పడ్డాక చేసేదేమీ ఉండదు.

> ఒకరి ప్రశ్న: బుంగ మట్టి కట్టకే కదండీ, ఉక్కుకి ఎలా వాడతాం? 'తక్షణ చర్య అవసరమైన లోపం' అనొచ్చుగా?

బుంగ అనే రాయమనట్లేదండీ, ఆ తొందర మాటలో వినపడాలంటున్నాను. 'తక్షణ' ప్రతి ఆఫీసు కాగితంలోనూ ఉండి అరిగిపోయింది. నేనైతే 'రాకపోకలు ఆపాల్సిన లోపం' అంటాను. ఆపడం అని ఉంటే ఎవరు ఆపాలి, ఎప్పుడు ఆపాలి అని చదివినవాడు అక్కడే అడుగుతాడు. అన్నిసార్లూ పూర్తిగా మూయక్కర్లేదు నిజమే, ఒక్కోసారి లారీలు ఆపి కార్లు వదులుతారు, అప్పుడు 'బరువు బండ్లు ఆపాల్సిన' అనండి.

ఊటకీ బుంగకీ మధ్య దశకి మీ వైపు ఏదైనా మాట ఉంటే చెప్పండి.