అప్‌డేట్: నది లేని రాజధానికి తిండి లెక్క

మొన్న అడిగింది ఇదీ: నా కల్పిత రాజ్యంలో నది లేని మెట్ట మీద 20,000 మంది ఉండే రాజధాని, తిండెక్కడిది? మీరన్నట్టు కాకతీయుల గొలుసుకట్టు చెరువులే (పైది నిండితే నీరు కిందిదానికి పారేలా వరసగా కట్టినవి) పెట్టాను. మనిషికి రోజుకు అరకిలో బియ్యమంటే ఏడాదికి 3,650 టన్నులు. ఎకరాకు అర టన్ను వేసుకుంటే 7,300 ఎకరాలు. రాజుకొచ్చేది ఆరో వంతే కాబట్టి 43,800 ఎకరాల మాగాణి కావాలి. పాత మ్యాపులో అందులో పావు కూడా లేదు!

అసలు కథ మత్తడి (చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే దారి) దగ్గర దొరికింది. అది ఇరుకైతే వాననీరు మట్టికట్ట మీదుగా పొర్లి కట్టను కోసేస్తుంది. పై చెరువు తెగితే కిందివీ వరసగా తెగుతాయి. కట్ట మరమ్మతుకు దశబంధ మాన్యం (చెరువు బాగోగులు చూసేవాళ్లకిచ్చే భూమి) ఇచ్చాను. దాన్ని మింగిన సామంతుడే ఇప్పుడు విలన్, మాంత్రికుణ్ని తీసేశా.