కొవ్వొత్తికి రెండు చివరలా మంట: దస్సెనా, డస్సెనా?

రాత్రింబవళ్ళు పనిచేసి ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళను ఇంగ్లీషులో ‘కొవ్వొత్తిని రెండు చివరలా కాలుస్తున్నారు’ అంటారు కదా. దీనికి మొదట డబ్బు తగలేయడమనే అర్థమట, నిజమేనా? తెలుగులో చెప్పబోతే గజేంద్రమోక్షంలోని ‘తనువున్ దస్సెన్’ (ఒళ్ళు అలిసింది) నోట్లో ఆడుతోంది.

— నిజమే. మాట ఫ్రెంచిది. కాట్‌గ్రేవ్ 1611 నాటి ఫ్రెంచి-ఇంగ్లీషు నిఘంటువులో ఉంది. 1730లో ఇంగ్లీషు నిఘంటుకారుడు బెయిలీ ఇచ్చిన అర్థం మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ దుబారా మనుషులని. రెండు చివరలంటే ఆ ఇద్దరే. ఒళ్ళు అలిసే అర్థం తర్వాత చేరింది.

— కొవ్వులో ముంచిన రెల్లు దీపం నుంచి పుట్టిందేమో. దాన్ని పట్టుకారుతో ఏటవాలుగా పట్టి వెలిగించేవారు. ఇరవై ఎనిమిదిన్నర అంగుళాల పుల్ల 57 నిమిషాలు కాలిందని పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్ లెక్క. రెండు వైపులా అంటిస్తే అరగంటలోపే అయిపోతుంది.

— ఒప్పుకోను. ఫ్రెంచిలో ఉన్నది ‘షాండెల్’, అంటే పశువుల కొవ్వుతో చేసిన వత్తి. మైనానిది ‘బూజీ’. అందుకే మన ‘కొవ్వొత్తి’ అచ్చంగా సరిపోయింది. నిలబెడితే కింది చివర వెలగదు, పడుకోబెడితే కరిగిన కొవ్వు వత్తి దగ్గర నిలవక కారిపోతుంది. వెలుగుకన్నా నష్టమే ఎక్కువ. దుబారా అర్థం అక్కడిదే.

— అదంతా సరే గానీ, పోతన పద్యంలో ‘దస్సెన్’ కాదండీ, ‘డస్సెన్’. అది శార్దూలం, పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన యతి పదమూడో అక్షరం. పాదం ‘ఠావుల్’తో మొదలైంది కాబట్టి అక్కడ ట-ఠ-డ-ఢలలో ఒకటి పడాలి. ద పెడితే యతి చెడుతుంది. ‘డసెన్’ అన్నా కుదరదు, అక్కడ వచ్చే త గణానికి మొదట గురువు కావాలి.

— ధాతువు డయ్యు. కోయు-కోసి వరసలోనే డయ్యు-డస్సి. పైగా ఆ వరస చూడండి: లావు పోయింది, ధైర్యం సడలింది, ప్రాణాలు ఠావు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఆ తర్వాతే తనువు డస్సింది. ఒళ్ళు అలిసిందని అంత ఆలస్యంగా ఒప్పుకోవడం పోతనకే చెల్లింది.

— మాస్టారూ, గజేంద్రుణ్ణి డస్సేలా చేసింది మొసలి. కొవ్వొత్తి సామెతలో మనిషి తనను తానే కాల్చుకుంటాడు. ‘ఒళ్ళు గుల్ల చేసుకోవడం’ నయం. ఇల్లూ గుల్లవుతుంది, ఒళ్ళూ గుల్లవుతుంది, పాత అర్థమూ నిలుస్తుంది.

— గుల్లలో మంట ఏదండీ? 1920లో అచ్చయిన అమెరికన్ కవయిత్రి మిల్లే పుస్తకంలో నాలుగు పాదాల పద్యం చూడండి. కొవ్వొత్తి తెల్లారేదాకా నిలవదని తెలిసీ ఆ వెలుగును మెచ్చుకుంటుందావిడ. ఆ మెప్పు ‘గుల్ల’లోకి రాదు.