స్కూల్ అయిపోతోంది, క్లోజ్ ఫ్రెండ్స్‌కి ఎలా చెప్పి వెళ్లాలి?

చివరి బెంచీ:

ఇంకో నెలలో మా స్కూల్ అయిపోతుంది. మేం నలుగురం ఆరో తరగతి నుంచి ఒకే గ్యాంగ్. ఇప్పుడు ఎవరి దారి వాళ్లదే. ఒకడు ఇంజనీరింగ్‌కని దూరం వెళ్తున్నాడు, ఒకమ్మాయి వాళ్లమ్మకి ట్రాన్స్‌ఫర్ కావడంతో ఇల్లు ఖాళీ చేసి ఊరే మారిపోతోంది, నేను హాస్టల్‌లో చేరాలి, నాలుగో అమ్మాయి ఒక్కతే ఇక్కడ ఉండి చదువుకుంటుంది.

రాత్రి పడుకుంటే ఇదే టెన్షన్. పరీక్షల గురించి కూడా ఇంత లేదు. మాలో ఎవరూ ఈ విషయం ఎత్తరు. నేనే ఒకసారి "మళ్లీ నలుగురం ఎప్పుడు కలుస్తామో" అన్నాను, వాడు వెంటనే "ముందు ఫిజిక్స్ చూడవే" అని మాట మార్చేశాడు. పైగా ఈమధ్య ప్రతి చిన్నదానికీ గొడవలే. మొన్న రికార్డు బుక్కు ఒకరోజు ఆలస్యంగా ఇచ్చిందని మాలో ఇద్దరు ఎంత వాదించుకున్నారంటే, ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ అలా అరుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకోటి కూడా ఉంది. ఊరు మారిపోతున్న అమ్మాయికీ నాకూ కొన్ని నెలలుగా మాటలు సరిగ్గా లేవు. గొడవంటూ ఏం జరగలేదు. తను వేరేవాళ్లతో ఎక్కువ ఉండటం మొదలుపెట్టింది, నేను అడగలేదు, తను చెప్పలేదు. పలకరింపులున్నాయి, కబుర్లు లేవు. అది అలాగే ఉండగా తను వెళ్లిపోతుందేమో అని ఉంది.

ఆఖరి రోజు అందరం ఉన్నప్పుడు చెప్పాలా, విడివిడిగా చెప్పాలా? మధ్యలో ఏడుపొచ్చేస్తే? అసలేం చెప్పకుండా మామూలుగా నవ్వుతూ వెళ్లిపోవడమే మంచిదా? వాట్సాప్ గ్రూప్ ఉంది కదా అని అమ్మ అంటుంది, కానీ మా అన్నయ్య స్కూల్ గ్రూప్ చూశాను, అందులో ఇప్పుడు పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఏమీ రావట్లేదు. ఇదంతా దాటి వచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కిటికీ పక్క సీటు:

చెల్లీ, విడివిడిగానే చెప్పు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఆఖరి రోజు అంటే ఫోటోలు, అరుపులు, ఎవరో పిలుస్తుంటారు, ఎవరో ఫోన్ లాక్కుంటారు, ఆ హడావిడిలో నువ్వు చెప్పాలనుకున్నది గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. పైగా గుంపులో చెప్పే మాటలు అందరికీ సరిపోయేలా ఉంటాయి, "మిస్ యూ", "టచ్‌లో ఉందాం", అంతే. అవి ఎవరి మనసులోనూ నిలబడవు.

నేను స్కూల్ చివర్లో ఒక్కొక్కరికీ ఒక కాగితం రాసిచ్చాను. పొడుగ్గా ఏం కాదు, నోట్‌బుక్ పేజీలో సగం. "నువ్వు చాలా మంచిదానివి" లాంటివి రాయలేదు, నాకు బాగా గుర్తున్న ఒక్క విషయం రాశాను. ఒకమ్మాయికి ఏం రాశానంటే, ఎనిమిదో తరగతిలో నన్ను బోర్డు దగ్గరికి పిలిస్తే లెక్క రాక నిలబడిపోయినప్పుడు, ముందు బెంచీలో కూర్చున్న నువ్వు సమాధానం చెప్పకుండా, తర్వాతి స్టెప్ ఏంటో నీ పుస్తకం మీద వేలు పెట్టి చూపించావు, క్లాసులో ఎవరికీ తెలియలేదు, ఆ రోజు నుంచే నువ్వంటే నాకు నమ్మకం, అని. ఆమె అది మర్చిపోయింది. చదివాక చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచింది.

ఇబ్బందిగా ఉంటుందేమో, ఓవర్ అనుకుంటారేమో అని నీకు భయం ఉంటుంది కదా. అది దాదాపు అందరికీ ఉండే భయమే. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు దీని మీద ఒక పేపర్ వేశారు. తమ జీవితంలో ముఖ్యమైన ఒకరికి కృతజ్ఞతతో ఉత్తరం రాయించి, అది అందుకున్నవాళ్లకి ఎలా అనిపిస్తుందని రాసినవాళ్లని ముందే అడిగారు. అందుకున్నవాళ్లకి ఇబ్బంది అనుకున్నదానికంటే తక్కువే అయింది, సంతోషం మాత్రం రాసినవాళ్లు ఊహించినదానికంటే ఎక్కువైంది. కాబట్టి రాయి. నోటితో చెప్పలేనిది కాగితం మీద వస్తుంది, ఏడుపొచ్చినా అక్షరాలకేం కాదు.

ఏడవడం గురించి నువ్వు అడగనే అక్కర్లేదు. వస్తే ఏడువు.

హాఫ్ వాలీ:

పైన అక్క చెప్పినదానితో నాకు సగమే ఒప్పుదల. ఉత్తరం రాయడం మంచిదే, కాదనను, కానీ ఆ ఉత్తరం ఇచ్చేశాం కదా అని అక్కడితో పని పూర్తయినట్టు అనుకునేవాళ్లే ఎక్కువ. అసలు పని తర్వాత మొదలవుతుంది.

చెల్లెమ్మా, ఒకటి ఆలోచించు. మీ నలుగురి స్నేహం ఎలా తయారైంది? రోజూ ఐదారు గంటలు ఒకే గదిలో కూర్చోబట్టి. ఎవరూ ప్లాన్ చెయ్యలేదు, టైమ్ ఫిక్స్ చెయ్యలేదు, బెల్ కొడితే అందరూ అక్కడే ఉన్నారు. జెఫ్రీ హాల్ అని కాన్సాస్ యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ ఉన్నారు, ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి దాదాపు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటల పైనే కలిసి గడపాల్సి వస్తుందని ఆయన 2018లో లెక్క తేల్చారు. స్కూల్లో ఆ గంటలన్నీ మనకి ఊరికే దొరికాయి. ఇకమీదట ప్రతి గంటా ఎవరో ఒకరు అడిగి, కుదుర్చుకుంటేనే వస్తుంది. గ్రూపులు మూగబోయేది అందుకే. ప్రేమ తగ్గి కాదు, అడిగేవాళ్లు లేక.

రాబిన్ డన్బార్ పేరు వినే ఉంటారు, మనిషి 150 మందితోనే నికరమైన సంబంధాలు నిలుపుకోగలడని చెప్పినాయన. ఆయనా, సామ్ రాబర్ట్స్ అనే ఇంకొకాయనా కలిసి బ్రిటన్‌లో స్కూల్ ముగించి కాలేజీకో ఉద్యోగానికో వెళ్తున్న 30 మందిని 18 నెలల పాటు గమనించి 2015లో ఆ వివరాలు వేశారు. చుట్టాలతో దగ్గరితనం పెద్దగా మారలేదు, స్నేహితులతోనే తగ్గుతూ వచ్చింది. నిలబడిన స్నేహాల్లో తేడా ఎక్కడ కనిపించిందంటే, అమ్మాయిల విషయంలో ఫోన్‌లోనో ఎదురుగానో బాగా మాట్లాడుకోవడం పనిచేసింది, అబ్బాయిల విషయంలో కబుర్లు అంతగా పనిచెయ్యలేదు, కలిసి ఏదో ఒకటి చెయ్యాలి, ఆడటమో తిరగడమో.

అందుకే మీ గ్యాంగ్‌లో ఉన్న ఆ అబ్బాయి "ఫిజిక్స్ చూడవే" అన్నాడని బాధపడకు. వాడికి మాటలతో చెప్పడం రాకపోవచ్చు, దూరం వెళ్లాక కూడా వాడి నుంచి పొడుగాటి మెసేజ్‌లు ఆశించకు. వారంలో ఒకరోజు కలిసి ఆన్‌లైన్‌లో ఆడుకునే గేమ్ ఏదైనా పెట్టుకోండి, మధ్యమధ్యలో వాడే చెప్తాడు అన్నీ. నాకూ నా బెస్ట్ ఫ్రెండ్‌కీ అలాగే నడుస్తోంది, ఆట మధ్యలో "మా నాన్నకి ఒంట్లో బాలేదురా" అని చెప్పాడు, మామూలుగా ఫోన్ చేసి ఉంటే చచ్చినా చెప్పేవాడు కాదు.

విడిపోయే ముందే మొదటి కలయిక తేదీ పెట్టుకోండి. "సెలవుల్లో కలుద్దాం" అంటే ఎవరి సెలవులు వాళ్లవి, ఒకరివి ఒకరికి కుదరవు. తేదీ, ఎవరింట్లో, ఎన్నింటికి, అన్నీ ఇప్పుడే. గుడ్‌బై చెప్పినా చెప్పకపోయినా ఇది మాత్రం వదలకండి.

పాత టీచర్:

చాలా ఏళ్లు చివరి క్లాసులకి పాఠం చెప్పాను. ఆ గొడవల సంగతి నేను చెప్తాను తల్లీ, ఎందుకంటే అది ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను. ఆఖరి రెండు నెలల్లో ఎంత దగ్గరివాళ్లయితే అంత గిల్లికజ్జాలు. రికార్డు బుక్కు ఒక సాకు మాత్రమే. విడిపోతున్నామన్న బాధ మొయ్యడం కష్టం, కోపం మొయ్యడం తేలిక. "వీడితో ఎలాగూ పడట్లేదు" అనుకుంటే వెళ్లడం సులువవుతుంది కదా, పిల్లలు కావాలని చెయ్యరు, తెలియకుండానే అలా జరిగిపోతుంది. ఎవరు కరెక్ట్ అని తేల్చడానికి కూర్చోకండి. వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టి "మనకి భయంగా ఉంది, అందుకే అరుచుకుంటున్నాం" అని నువ్వు పైకి అనేస్తే చాలావరకు అక్కడితో చల్లబడుతుంది. ఒకరు పైకి అనాలి, అంతే, మిగతావాళ్లు దాని కోసమే ఎదురుచూస్తుంటారు.

ఇక మాటల్లేని ఆ అమ్మాయి. నువ్వు ఈ నెలలోనే వెళ్లి మాట్లాడు, ఆఖరి రోజుకి పెట్టకు. ఆఖరి రోజుకి పెడితే తను జవాబు చెప్పడానికి కూడా టైమ్ ఉండదు. "నువ్వెందుకు అలా చేశావు" అని మాత్రం మొదలుపెట్టకు, అది విచారణలా ఉంటుంది, తను సమాధానం వెతుక్కోవడంలో పడిపోతుంది. "మనం ముందులా మాట్లాడుకోవట్లేదు, నాకది బాధగా ఉంది, నువ్వు వెళ్లేలోపు ఒక పూట నీతో ఉండాలని ఉంది" అను. తను ఒప్పుకుంటే సరే. మొహం తిప్పుకున్నా నీ వైపు నుంచి చెప్పాల్సింది చెప్పావు, ఎప్పుడైనా తనకి మనసైతే తిరిగి రావడానికి దారి ఉంటుంది. ఇల్లు ఖాళీ చేస్తున్నారన్నావు కాబట్టి సామాన్లు సర్దడంలో సాయానికి వెళ్లు. చేతికి పని ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది, ఎదురెదురుగా కూర్చుంటే రానివి పుస్తకాలు అట్టపెట్టెలో పెడుతుంటే వచ్చేస్తాయి.

ఇక్కడే ఉన్నా:

అందరూ వెళ్లేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు, మీ నాలుగో అమ్మాయి గురించి ఒక్కరూ అనలేదు. నేను ఆ అమ్మాయి స్థానంలో ఉన్నదాన్ని.

వెళ్లేవాళ్లకి కొత్త గది, కొత్త ముఖాలు, దారి తప్పడం, తెలుసుకోవడం, మొదటి నెలంతా అందులో గడిచిపోతుంది. ఉండిపోయినవాళ్లకి అన్నీ పాతవే, మనుషులే లేరు. అదే బస్‌స్టాప్, అదే టైమ్, పక్కన నిలబడేవాళ్లు లేరు. నాకు ఎక్కువ బాధ కలిగించింది దూరం కాదు, మా ఫ్రెండ్స్ నా దగ్గర జాగ్రత్తగా మాట్లాడటం. "ఇక్కడ చాలా బాగుంది" అంటే దీనికి బాధేస్తుందేమో అని వాళ్ల కొత్త ఫ్రెండ్స్ సంగతులు దాచేవాళ్లు. అలా దాచేసరికి మాట్లాడుకోవడానికి ఏం మిగల్లేదు, ఎప్పుడు ఫోన్ చేసినా స్కూల్ కబుర్లే, అవి ఎన్నిసార్లని చెప్పుకుంటాం.

చివరికి నేనే అడిగాను, మీ రూమ్మేట్ పేరేంటి, ఎలా ఉంటుంది, ఏం చేస్తే నీకు విసుగు, అన్నీ చెప్పు అని. అప్పటి నుంచి బాగుంది. ఇప్పుడు ఆ రూమ్మేట్ నాకు కూడా తెలుసు, నేను చూడకపోయినా. కాబట్టి నువ్వు హాస్టల్‌కి వెళ్లాక తనకి అన్నీ చెప్పు, తన కొత్త విషయాలు కూడా అడుగు. ఇక్కడే ఉంది కదా, కొత్తగా ఏముంటుందిలే అనుకోవద్దు. ఇంకో మాట, మీరు ముగ్గురూ సెలవులకి వచ్చినప్పుడు తననే అన్నీ ఏర్పాటు చెయ్యమనకండి. ఊళ్లో ఉన్నవాళ్ల మీదే ఆ పని పడుతుంది ఎప్పుడూ.

చివరి బెంచీ:

అందరికీ చాలా థాంక్స్, ఒక్కొక్కటీ రెండేసిసార్లు చదివాను. టీచర్ గారూ, మీరన్నట్టే నిన్న లంచ్ టైమ్‌లో "నాకు భయంగా ఉంది" అనేశాను. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత రికార్డు బుక్కు అమ్మాయి ఏడ్చేసింది, వాడు మాత్రం తల దించుకుని "నాక్కూడా" అన్నాడు. వాడి నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు.

హాఫ్ వాలీ అన్నా, తేదీ పెట్టుకున్నాం, మొదటి సెమిస్టర్ సెలవుల్లో మూడో రోజు, మా ఇంట్లో, పొద్దున పదింటికి. "ఇక్కడే ఉన్నా" అక్కా, మీరు రాసింది మా నాలుగో అమ్మాయికి చూపించాను, "నేను ఇదే చెప్పాలనుకున్నా, చెప్పడం రాలేదు" అంది. ఊరు మారే అమ్మాయి ఇంటికి ఆదివారం వెళ్తున్నాను, సర్దడానికి రమ్మంది. ఇంకా ఏం మాట్లాడలేదు, రమ్మనడమే నాకు చాలా అనిపించింది.

ఒక చిన్న డౌట్: మా ప్రాజెక్టులు, మేం నలుగురం తీసిన వీడియోలు అన్నీ స్కూల్ ఇచ్చిన ఈమెయిల్ అకౌంట్ డ్రైవ్‌లో ఉన్నాయి. అవి ఉంటాయా?

హాఫ్ వాలీ:

ఉంటాయని నమ్ముకోకు. చాలా స్కూళ్లు పిల్లలు వెళ్లిపోయాక ఆ అకౌంట్లు మూసేస్తాయి, ఎప్పుడు మూస్తారో ఆఫీసులో ఇప్పుడే అడుగు. అంతవరకు ఆగకుండా ఈ వారమే అన్నీ డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల పెట్టు, ఒకటి సొంత అకౌంట్‌లో, ఇంకోటి పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో. లింక్ షేర్ చేస్తే సరిపోదు, అకౌంట్ పోతే లింక్ కూడా పోతుంది, నలుగురూ ఎవరి కాపీ వాళ్లు దించుకోవాలి. ఫోన్ నంబర్లు కూడా కొత్త ఊళ్లో మారొచ్చు, అందరి ఇంటి నంబర్, పర్సనల్ మెయిల్ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.